ఇసుక చేప, గుడ్డి రొయ్య

కరీంనగర్, 1962. మధ్యాహ్నం. తంతి జవాను సైకిలు సందు మలుపు తిరగకముందే నర్మద చేతిలోని కాగితం విప్పేసింది. పెళ్లయి యాభై రెండు రోజులు. అందులో భర్త ఇంట్లో ఉన్నవి పన్నెండు. మగ్గం గుంటలో కూర్చున్న అత్తగారు శంకరవ్వ నాడె ఆడించడం ఆపలేదు.

"మంచి కబురే అత్తమ్మా. మంచి కబురే. భయపడకు."

"తార్ అచ్చిందంటె భయపడకుంట ఎట్లుంటరు. మొన్న పోశవ్వ ఇంటికి అచ్చింది, ఏమాయె?"

"ఇది గసొంటి తార్ కాదు. సముద్రం కాడి ఆఫీసరోళ్లు ఒప్పుకున్నరట. సముద్రంల జీవులను ఆరింటిని మన కాలేజికి పట్టుకపోనిస్తమన్నరట. రేపు వాటిని పట్టుకోని, ఎల్లుండి రామేశ్వరంల బండెక్కి ఇంటికి బయలెల్లుతడు అంబదాస్."

"మొగని పేరు తీస్తవానె పిల్లా."

"తీస్తె ఏమైతది? తపాలాఫీసుల అడిగితె చెప్పద్దా?"

"నేను చెప్పలే. ఓట్ల పేర్లు రాసెటోడు అచ్చి నీ పెనిమిటి పేరేందవ్వా అంటె, పక్కింటి కొమురవ్వను పిలిచి చెప్పిచ్చిన. ఇప్పటిదాంక గా పేరు నా నోట్లకెళ్లి ఎల్లలే."

"నాకైతె దినాం నూరుసార్లు తీయబుద్దైతది. నలభై దినాలాయె ఆయన పోయి. మనిషి లేకపాయె, పేరన్న ఇంట్ల ఉండద్దా?"

"సిగ్గులేని పిల్ల. చదువు, ఇంకేం రాసిండు?"

"ఏ ఆరు కావాల్నో ఇయ్యాల్నే తార్ కొట్టుమన్నడు. ఐదింటికి తపాలాఫీసు బందైతది. కాలేజిల గాజుతొట్టి కడిగి పెట్టిన్రు. ఆయన బండిల పంపిన సముద్రం నీళ్లు మన అర్రల ఉండనే ఉన్నయి. ఇగ జీవులే తక్కువ. మొన్నటి ఉత్తరంల తొమ్మిది పేర్లు రాసిండు. మనమిద్దరం ఎంచుదాం."

"నాకేం తెలుసు బిడ్డ. మానేరుల కొర్రమట్ట తెలుసు. సముద్రం నేనెన్నడు చూసిన?"

"నేను మాత్రం చూసిన్నా? బీయెస్సీల సీసాలల్ల చూసిన, మందునీళ్లల్ల తెల్లగ పాలిపోయి. పానమున్నయి చూడలే. ఒకదానికొకటి పొత్తు కుదరాలె అత్తమ్మా, అదే పని. తినేదాన్ని, దాని బువ్వను ఒక్క తొట్టిల పెట్టద్దు."

"సంబంధం చూసినట్టు."

"అచ్చం గట్లనే. మొదటిది నీలి చేప. వేలంత ఉంటది, మస్తు సక్కనిది. గాని మూల ఒకటి పట్టుకోని ఇంకెవ్వలను రానియ్యదట."

"మా సాంబయ్య పెండ్లాం లెక్క. వద్దు."

"కొట్టేసిన. రెండోది నారింజ రంగు చేప, తెల్ల చారలు. దీనికి తోడు సముద్రపు పువ్వు. పేరుకే పువ్వు, అది గుడ జీవే. దగ్గరికి వచ్చినదాన్నల్ల కుడుతది, గీ చేపను మాత్రం కుట్టది. చేప దాంట్లనే పంటది."

"అది బాగున్నది. రెంటిని రాయి."

"నక్షత్ర చేప. ఐదు కాళ్లు. గాని అది పువ్వును కొరుకుతదేమొ అని అనుమానం ఆయనకు."

"అనుమానముంటె ఇయ్యాల్నే ఇడిచిపెట్టాలె. కొట్టేయ్."

"ఇగ సన్యాసి పీత. దీనికి సొంత చిప్ప ఉండదు. సచ్చిన నత్త గుల్ల దొరికితె అండ్ల సొచ్చి, దాన్ని మోసుకుంట తిరుగుతది. పెద్దగైతే ఇంకో గుల్ల."

"మనసొంటిదే, కిరాయి ఇల్లు. రాయి."

"నత్త. గాజుకు పట్టిన పాచి నాకుతది."

"పనిచేసెటిది ఒకటుండాలె ఇంట్ల. రాయి."

"నాలుగాయె. ముండ్ల చేప వద్దు, చిన్నవాటిని మింగుతది. ఇగ మిగిలినయి రెండు. ఇవి నేను ముందే ఎంచుకున్న అత్తమ్మా, నీకు ఆఖరుకు చెప్దామని ఆపిన. ఇసుక చేప, గుడ్డి రొయ్య."

"గుడ్డిదాన్ని ఎవ్వలు తెచ్చుకుంటరే."

"ఇను మరి. రొయ్యకు కండ్లు సరిగ్గ కనవడయి. గాని బొక్క తవ్వేది అదే. దినమంత ఇసుక తోడి బయట పోస్తనే ఉంటది. చేపకు తవ్వరాదు, చూపు మాత్రం మంచిగుంటది. అందుకని వాకిట్ల కావలుంటది. ఇద్దరిది ఒక్కటే ఇల్లు. రొయ్య బయటికి ఎల్లినప్పుడల్ల తన మీసం ఒకటి చేప మీద ఆనిచ్చే ఉంచుతదట. చేప తోక కదిలిచ్చిందంటె ఏదో వచ్చిందన్నట్టు. దబ్బున ఇద్దరు లోపల. ఆయన కండ్లార చూసిండట. మూడు పేజీలు దీని మీదనే రాసిండు."

"మీసం ఆనిచ్చే ఉంచుతదా?"

"ఆనిచ్చే."

"చేప ఎటన్న పోతె?"

"అది రాయలే. పోదేమొ."

"...రాయి. గా రెండు తప్పకుంట రాయి."

"ఆరయినయి. చూసినవా, జెప్పన ఎంచినం. ఉత్తరం ఎనుక ఇంకో ముచ్చట రాసిండు, అది గుడ చదువుత. నీళ్లు గాజుబుడ్డిలల్లనే ఉంచాలెనట. రాగి, ఇత్తడి తాకద్దు. రాగి తాకిన నీళ్లల్ల చేపలన్న జర ఓర్సుకుంటయట గాని, పువ్వు, పీత, నత్త, రొయ్య, ఎముకలు లేనియన్ని ఒక్క పూటల సస్తయట. అందుకే బుడ్డిలు కదిలియ్యకు, గోనెసంచులు కప్పి చీకటర్రల ఉంచు అన్నడు. నేను గా దిక్కే పోలే."

నాడె చప్పుడు ఆగిపోయింది.

"రొయ్య ఎందుకు తియ్యి బిడ్డ."

"ఇప్పుడే తప్పకుంట రాయుమంటివి."

"వద్దు. కొట్టేయ్. ఇసుక చేప ఒక్కటి సాలు."

"రొయ్య లేకుంటె దానికి ఇల్లేది?"

"ఉంటది. ఒక్కదానికి ఉండుడు అలవాటైతది. పువ్వు గుడ వద్దు."

"పువ్వేం జేసింది?"

"నత్త వద్దు. పీత వద్దు. చేపలే తెమ్మను, రెండు చేపలు. తార్ల తక్కువ మాటలుంటె మంచిది. పో, ఐదింటికి బందైతదంటివి గద."

"అత్తమ్మా, ఇటు చూడు. అర్రల బుడ్డిలు మంచిగున్నయా?"

"బుడ్డిలకేమైతది. మంచిగనే ఉన్నయి."

"నీళ్లు?"

"నీళ్లు గుడ మంచిగున్నయి. గంగాళంల ఉన్నయి."

"ఏ గంగాళం?"

"మనకెన్నున్నయి. నా పెండ్లప్పటిది. రాగిది. చింతపండు వెట్టి తోమి, అద్దం లెక్క జేసి పోసిన. సముద్రమాయె బిడ్డ. సముద్రాన్ని మందు సీసాలల్ల ఉంచుతరా?"

"ఎప్పుడు పోసినవ్?"

"అచ్చిన దినమే."

"ఇరవై దినాలాయె."

"నాకేమెర్క, రాగి ఇసమైతదని. మనం తాగెటియి రాగిబిందెల నీళ్లే."

"అర్రల నువ్వు దినాం మెల్లగ ఏందో అంటుంటివి. కండెలు చుట్టుకుంట పాట పాడుతున్నవనుకున్న."

"పాట కాదు."

"మరి ఎవ్వలతోని?"

"ఎవ్వలతోని మాట్లాడుత. ఒక్కదాన్నే."

"చెప్పరాదు అత్తమ్మా."

"ఏం చెప్పాలె. నీ మొగనికి ఆరేండ్లప్పుడు మీ మామ బొంబాయి మిల్లుకు పాయె. జెరమచ్చి ఆడ్నే పానం ఇడిసె. ఎంబడి మిల్లుకు పోయిన సిద్దిరాములు అచ్చి అంగి ఒకటి చేతుల వెట్టి, బూడిద సముద్రంల కలిపినం వదినా అన్నడు. గంతే. అది బొంబాయి సముద్రం, గిది రామేశ్వరం సముద్రం, నాకు తెలుసు. గాని నీళ్లాయె, ఉన్నకాడ ఉంటయా? ఇరవై ఏండ్లల్ల తిరిగి తిరిగి ఒక్క చుక్కన్న గిండ్ల వడ్డదేమొ అనుకున్న. బుడ్డి మూతి సన్నముంటది, చెయ్యి పోదు. గంగాళమైతె చెయ్యి పెట్టుకోవచ్చు."

"చెయ్యి పెట్టి కూసుంటవా?"

"జరసేపే. కండెలు చుట్టుడైనంక."

"ఏం చెప్తవ్?"

"ఏముంటది. పిలగాడు పెద్దగైండని. కాలేజిల పని దొరికిందని. కోడలచ్చిందని, ఒక్కతీరుగ వాగుతనే ఉంటదని. ఇల్లు జర సప్పుడైందని... నీ రొయ్యను సంపిన బిడ్డ."

"ఇంకా పట్టనే పట్టలే, ఎట్ల సంపుతవ్."

"నేను చేసినదానికి, మళ్ల నీళ్ల కోసమని నీ మొగన్ని ఆడ ఆపకు. జీవులు లేకున్న మంచిదే, ఉత్తచేతుల రమ్మని కొట్టు. నలభై దినాలాయె నీకు."

"నాకు నలభై దినాలు. నీకు ఇరవై ఏండ్లు. ఉండు, రాసుకోనియ్యి."

"ఏం రాస్తున్నవ్?"

"ఇను. 'ఆరు జీవులు: నారింజ చేప, పువ్వు, సన్యాసి పీత, నత్త, ఇసుక చేప, గుడ్డి రొయ్య. పట్టి అక్కడ్నే ఉంచు. బయలెల్లకు. కొత్త నీళ్లు కావాలె. ఇద్దరం వస్తున్నం.'"

"ఇద్దరం ఎవ్వలు?"

"నేనొకదాన్ని, నువ్వొకదానివి. రేపు పొద్దుగాల కాజీపేట బస్సు. ఆడికెళ్లి మద్రాసు బండి, ఆ ఎనుక ఇంకో బండి. వచ్చెటప్పుడు బుడ్డిలు మన చేతులతోనే నింపుకస్తం."

"మగ్గం మీద చీర సగమున్నది పిల్లా."

"సగమే ఉండనియ్యి."

"మరి గంగాళంల నీళ్లు?"

"ఒక సీసాల పట్టుకుందాం. అక్కడ మళ్ల సముద్రంల పోద్దువు."

"...మస్తు పెద్దగుంటదా అది?"

"అవతలి ఒడ్డు కనవడదట."

"గంగాళమంటె సిన్నది. చెయ్యి పెడితె సరిపోయేది. అన్ని నీళ్లల్ల పెడితె ఎవ్వల చెయ్యని తెలుస్తది ఆయనకు? ఎందరిని కలిపిన్రో అండ్ల. ఇన్నవా, ఇగో, అంటె ఎవ్వలు పలుకుతరు?"

"మరేం జేద్దాం అత్తమ్మా?"

"రేపు బస్సుల నా పక్కన కూసో బిడ్డ. మొగని పేరు నోట్లకెళ్లి ఎట్ల తీస్తవో నాకు జర నేర్పు. ఆడ ఒడ్డు మీద నిలవడి పిలువాలె."