అన్నయ్యని చంపినవాడి తరఫున

ఇంకోటి కొట్టు వదినా. ఆగావేం? విరిగింది చెయ్యొక్కటే, చెంపలు రెండూ బాగానే ఉన్నాయి. కొట్టు.

అయిపోయిందా? అయితే కూర్చో. పొద్దుట్నించీ ఏమీ తిని ఉండవు, కళ్ళు తిరుగుతాయి. కూర్చోనంటావా? సరే, తలుపు దగ్గరే నిలబడు. కానీ పూర్తిగా విను. లాయరు నోట సగం విని, మిగతా సగం నువ్వే అల్లుకుని వచ్చి నా మీద చెయ్యి చేసుకున్నావు చూడూ, అది మాత్రం బాలేదు.

"సొంత అన్నని చంపినవాడి తరఫున సాక్ష్యం చెప్తావా?" అంటావు. నీకు మొగుడైతే నాకు తోడబుట్టినవాడు కాదూ? నాకు డాక్టరు సీటు వచ్చిన రోజు నాకంటే ఎత్తు ఎగిరింది ఎవరు? తను నర్సుగా ఉన్న ఆసుపత్రిలోనే నేను చేరితే, లిఫ్టు దగ్గర కూర్చునేవాణ్ణి కూడా వదలకుండా, "మా చెల్లెలండీ, మా చెల్లెలు" అని చూపించుకు తిరిగింది ఎవరు? సిగ్గుతో చచ్చిపోయాను నేను!

నువ్వు తక్కువ తిన్నావా? "మా ఆడపడుచు మందు మీద పరిశోధన చేస్తోంది" అని పక్కింటివాళ్ళకి చెప్పి, వాళ్ళు నోళ్ళు వెళ్ళబెడితే, "ఆ మందు కాదులెండి" అని పగలబడి నవ్వేదానివి. నిజానికి ఆ మందూ ఉంది నా పనిలో, ఈ మందూ ఉంది. మనిషికి ఏది ఎలా వ్యసనమవుతుంది, ఏ మందు ఎవరికి ఎందుకు వికటిస్తుంది... అదేగా నా ఉద్యోగం.

ఆ క్రేన్ డ్రైవరు సంగతి చెప్తాను. అతను... "అతను" అంటే మండుతోంది కదూ? సరే, వాడే. వాడికి క్రేన్ మీంచి దిగుతూ పడి నడుం దెబ్బతింది. ఎవరో నొప్పి మాత్రలు రాశారు. నొప్పి తగ్గింది, మాత్ర తగ్గలేదు. పూటకొకటి కాస్తా గుప్పెడయ్యాయి. ఉద్యోగం పోయింది, పెళ్ళాం పుట్టింటికి పోయింది. ఒకరోజు తనంతట తనే మా వార్డుకొచ్చి, "మానిపించండి, లేదా చంపెయ్యండి" అన్నాడు.

మాత్రలు మానేసిన ఒళ్ళు ఎలా ఉంటుందో చూశావా ఎప్పుడైనా? చెమట్లు, వణుకు, ఎముకలు పిండేస్తున్నట్టు నొప్పి, పేగులు బయటికొచ్చేలా వాంతులు. అన్నయ్యే చూసుకున్నాడు వాణ్ణి. గడ్డం గీశాడు. గ్లాసు పట్టుకోలేకపోతుంటే తనే టీ తాగించాడు. "ఇంకొక్క నాలుగు రోజులు ఓర్చుకో బాబూ, నువ్వు గెలుస్తావు" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

ఆ మధ్యాహ్నం వాంతులు ఆగలేదు. డ్యూటీ డాక్టరు వాంతులకి ఇంజెక్షన్ రాశాడు. మామూలుదే, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నీకూ ఇచ్చే ఉంటారు. తప్పు మందేం కాదు. కాకపోతే ఎక్కడో ఒకరికి వికటిస్తుంది. పైకి ఏమీ కనబడదు. లోపల మాత్రం కూర్చుంటే కూర్చోనివ్వదు, నిలబడితే నిలబడనివ్వదు. చర్మం ఒలిచేసుకుని బయటికి పారిపోవాలనిపిస్తుందట. మాత్రలు మానేస్తున్నవాళ్ళకి ఇది ఇంకా ఘోరంగా వస్తుందేమోనని నాకు అనుమానం. నేను వెతుకుతున్నదే అది వదినా. నా పరిశోధనే అది. నా కళ్ళముందే వచ్చి నిలబడింది.

నేను వార్డు చివర ఒక ముసలాయనకి బీపీ చూస్తున్నాను. ఇంజెక్షన్ పడిన కాసేపటికే వాడు లేచాడు. అటూ ఇటూ తిరిగాడు. మంచం ఎక్కాడు, దిగాడు. గోడని తన్నాడు. "లోపలెవడో తంతున్నాడు సారూ, తీసెయ్యండి వాణ్ణి!" అని అరిచాడు. అన్నయ్య వెళ్ళి భుజం మీద చెయ్యేసి, "కూర్చో బాబూ, కూర్చో" అన్నాడు.

కూర్చోవడమే కదా వాడు చెయ్యలేనిది!

వాడు అన్నయ్య మెడ పట్టుకున్నాడు. క్రేన్ లివర్లు లాగిన చేతులవి. ఈడ్చుకెళ్ళి చేతులు కడుక్కునే సింకు అంచుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. తెల్లటి పింగాణీ పెచ్చులూడి కింద పడింది. నేను పరిగెత్తుకెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంటే, ఎండుపుల్లని విరిచినట్టు నా చెయ్యి విరిచేశాడు. నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది. వాడు మళ్ళీ అన్నయ్య తల పట్టుకున్నాడు. రోగులు మంచాల కింద దూరారు. ముసలాయన కెవ్వున కేకేశాడు. నేల మీద రక్తంలో నా కాలు జారింది.

చెవులు మూసుకోకు వదినా. పోలీసులు నీకు "తలకి గాయం" అని చెప్పి ఊరుకున్నారు. నేనూ అదే చెప్పాను. ఇన్నాళ్ళూ ఇదంతా ఒక్కదాన్నే మోస్తున్నాను. నావల్ల కావడం లేదు.

తర్వాతా? తర్వాత వదిలేశాడు. గోడకి జారగిలబడి కూర్చున్నాడు. కూర్చున్నా కాళ్ళు ఆగలేదు. సైకిలు తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. తన చేతులు చూసుకుని, "ఎవరిదీ రక్తం? నా కాళ్ళు ఆపండమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏమన్నావు? చంపిన చేతులు వాడివి కావా అనా? వాడివే. కాదంటానా? కానీ ఆ పూటకి ఆ చేతులు వాడి మాట వినలేదు. ఇది నేను నమ్ముతున్నది కాదు వదినా, నాకు తెలిసినది. తెలిసి నోరు మూసుకుంటే వాడికి జీవితాంతం జైలు. రేపు ఇంకో వార్డులో ఇంకొకడు లేస్తాడు, ఇంకో నర్సు "కూర్చో బాబూ" అంటాడు. నా చదువెందుకు మరి, తగలెయ్యడానికా?

ఇంకా ఉంది. నువ్వు కూర్చోవాలి. దణ్ణం పెడతాను, కూర్చో.

ఆ ఇంజెక్షన్ మెల్లగా ఎక్కించాలి. సెలైన్ సీసాలో కలిపి, చుక్కచుక్కగా ఇస్తే మరీ మంచిది. గబగబా నరంలోకి తోసేస్తే ఇలా వికటించే ప్రమాదం ఎక్కువ. రేపు వాడి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. ఎలా ఎక్కించారు? ఎవరు ఎక్కించారు?

ఎవరు ఎక్కిస్తారు వదినా? వార్డులో నర్సు ఎవరు?

వాడు డొక్కలు పట్టుకుని వాంతి చేసుకుంటూ, "త్వరగా సారూ, త్వరగా" అని అన్నయ్య చొక్కా పట్టుకుని వేళ్ళాడాడు. అన్నయ్య మనసు నీకు తెలుసుగా. పక్కింటి పిల్లి కుంటితే అన్నం సహించని మనిషి. చూడలేక తోసేశాడు. ఒక్క నొక్కుడు.

అలా చూడకు. పోయినవాడి మీదికి నెట్టేస్తున్నానా? నాకెలా తెలుసంటావా? అన్నయ్యే చెప్పాడు.

నీతో అబద్ధం చెప్పాను. చివర్లో నిన్నే తలుచుకున్నాడన్నాను కదా, లేదు. ఆ సింకు కింద పడి ఉండి, ఒక కన్ను అప్పటికే మూసుకుపోయి, నా కొంగు పట్టుకుని, "వాణ్ణేం చెయ్యకే బుజ్జీ, నేనే గబగబా ఎక్కించేశాను" అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట లేదు.

విన్నాను వదినా. ప్రతి ముక్కా వినబడింది. విని, లేచి, బాగున్న చేత్తో సెలైన్ స్టాండు తీసుకున్నాను. వాడు గోడ దగ్గర ఏడుస్తున్నాడు. మొహం పైకెత్తి నన్ను చూశాడు, చేతులు అడ్డం కూడా పెట్టుకోలేదు. కొట్టాను. దవడ విరిగింది. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాను. సెక్యూరిటీవాళ్ళు వచ్చి లాక్కునేదాకా కొడుతూనే ఉన్నాను. వాళ్ళు పాపం, నేను ఆడపిల్లనని, అన్న పోయినదాన్నని, ఆ దెబ్బలు తామే కొట్టామని రాయించుకున్నారు.

రేపు కోర్టులో వాడి చేతులకి మందు పేరు చెప్తాను. చెప్పి తీరతాను, నువ్వు ఇక నా మొహం చూడకపోయినా సరే.

నా చేతికి ఏ మందు పేరు చెప్పను? నాకెవరూ ఏ ఇంజెక్షనూ ఇవ్వలేదే!