సోమలింగం బావ కషాయం

ఏంది మహేశూ, దోస్తులతోని తాగనీకి దామన్ పోతున్నవా? పో, నేనొద్దంటలే. గని జేబుల ఆ గోళీలేంది? పంటి నొప్పియా? అయితే జర కూసో. మా సోమలింగం బావ ముచ్చట ఇనిపో. మా వజ్రమ్మక్క పెనిమిటి. బట్టలు నేసే సాంచాల మోతల బతికినోడు గదా, చెవుల గుసగుస చెప్పినా గల్లీ అంత ఇనపడేది.

కరోనా తొలి ఏడు. లాక్‌డౌన్ సడలిచ్చి సాంచాలు మల్ల షురూ అయినయి. బావకు చిగురు వాచి దవడ బూరె లెక్క పొంగింది. పండ్ల డాక్టరు గోళీలిచ్చి, "ఇవి మింగినన్ని దినాలు, ఒడిసినంక ఇంకో మూడు దినాలు మందు ముట్టొద్దు" అన్నడు. ఈయన, "గుజరాత్‌ల మందు బందు గదా, ఎక్కడిది సాబ్?" అన్నడట, పాలు తాగే పోరని లెక్క. ఇంటికాడ ఫ్లాస్కు నిండ పల్సానా దిక్కుకెళ్లి దొంగచాటుగ తెప్పిచ్చిన సరుకు! అప్పుడు అందరు అల్లం, మిరియాల కషాయం తాగుతుండిరి గదా, ఈయన గూడ కషాయమే అన్నడు. వాసన రాకుంట లవంగాలు నములుడు, మీదికెళ్లి మాస్కు. అక్కేమో, "మాయన ఎంత బుద్ధిగ తాగుతుండో" అని గల్లీ అంత చెప్పుకునేది.

ఓనాడు పగటీలి గోళీ మింగి, ఎన్కనే రెండు గుక్కలేసిండు. జరసేపట్ల మొఖం ఎర్రగ కందిపోయింది. గుండె దడదడ, కక్కుడే కక్కుడు. "కరోనా!" అని ఎవరో ఒర్రిండ్రు, గల్లీల తలుపులన్ని ఠపఠప పడ్డయి. అంబులెన్సు పిలిచి నేను, అక్క దవాఖానకు తీస్కపోయినం. ఆడ శ్రీలేఖ అని మన తెలుగు డాక్టరమ్మ, ఆ తెల్ల సూటు ఏస్కోని, "ఏమన్న తాగినవా?" అన్నది. తలుపుకాడ పోలీసాయన నిలవడ్డడు. బావ ఆయన దిక్కు సూసి, "కషాయం" అన్నడు.

అక్కకు ఎక్కడలేని గర్వం. "అవునమ్మా, పొద్దుమాపు తాగుతడు. నాకు గింతన్న ఇయ్యడు. దినమంత బీమారోళ్లల్ల తిరుగుతవు, నువ్వు గూడ తాగు" అని సంచిలకెళ్లి ఫ్లాస్కు తీసి మూతల పోసింది. డాక్టరమ్మ వద్దంటె, "మంచిగుంటది, సూడు" అని అక్క తనే మాస్కు దించి ఓ గుక్క తాగింది. థూ అని బావ మీదనే ఊంచింది! "ఓరి నీ కషాయం పాడుగాను!"

పోలీసాయన గోడ దిక్కు తిరిగి నవ్వుతుండు. డాక్టరమ్మ మాత్రం నవ్వలే. "ఆ గోళీకి, మందుకు పడదు. ఇది తెల్వకపోతె నిన్ను కరోనా వార్డుల పండవెట్టి, గుండె ఎందుకు గిట్ల కొట్టుకుంటుందో ఎతుక్కుంట కూసునేటోళ్లం. పానం మీదికొచ్చేది" అన్నది. సెలైన్ ఎక్కిచ్చి, గుండెకు మిషన్ పెట్టిండ్రు. బయట అక్క తిట్టుకుంటనే ఏడుస్తుంది, ఏడ్సుకుంటనే తిడుతుంది. లోపల బావ, ఆ తిట్లు ఇనపడుతున్నయంటె నేను బతికే ఉన్న అనుకున్నడట.

అటెన్క మారిండు. గల్లీల ఎవరి చేతిల గోళీలు కనవడ్డా గుంజుకునేటోడు. "డాక్టరుకు తాగుతనని చెప్పినవా? సిగ్గెందుకురా, నేను ఊంచిచ్చుకోలేదా?" అని అందరి ముంగట అడిగేటోడు. మస్తు నవ్వేటోళ్లం.

మల్లేడు కరోనా రెండోపారి లేసింది గదా... అండ్ల బావను నిజంగనే పట్టుకున్నది. అక్కకు మొఖం గూడ సూపెట్టలే. సంచిల కట్టి...

టమాటలు తెమ్మన్నది మీ అత్త. తెచ్చినవా?