లాంచీ మునిగిన గురువారం

మధ్యాహ్నం వేళ, లైబ్రరీలో పాత పత్రికల గది. బల్లకి ఇటు లైబ్రేరియన్. అటు ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించిన మేనమామ, లైబ్రరీ కమిటీ ఆఫీసులో హెడ్ క్లర్కు.

"ఒక్క వాక్యమేగా అమ్మడూ. తీసెయ్యి, గొడవ వదిలిపోతుంది."

"ఒక్క వాక్యమేగా మావయ్యా. ఉండనీ, ఏం పోతుంది?"

"నీ ఉద్యోగం పోతుంది."

"కమిటీ అధ్యక్షులవారు అన్నారా?"

"అనలేదు. తన చేత్తో నాకు టీ కలిపిచ్చారు. నలభై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి. అంతకన్నా ఏం అనాలి?"

"చక్కెర సరిపోయిందా?"

"వేళాకోళం వద్దు. నెట్‌లో విజ్ఞానకోశం ఒకటుందని, అందులో మన ఊరి పేజీ ఉందని ఆయనకి నిన్నటిదాకా తెలీదు. మనవడు చదివి వినిపించాడట. లాంచీ మునిగింది సరంగు తాగి నడిపినందుకు కాదు, నలభై మంది ఎక్కాల్సిన దాంట్లో తొంభై మంది ఎక్కినందుకు అని మార్చావట. ఆ లాంచీ ఎవరిదో తెలుసుగా?"

"వాళ్ళ నాన్నగారిది. అంతమందిని ఎక్కించమన్నది ఎవరో మాత్రం నేను రాయలేదు. ఆధారం దొరకలేదు. దొరకనిది రాయను."

"సరంగు తాగాడని పుస్తకంలోనే ఉంది కదే. ఊరి చరిత్ర. అధ్యక్షులవారే దగ్గరుండి అచ్చు వేయించారు."

"ఆ పుస్తకం మనకి ఎప్పుడొచ్చిందో రిజిస్టర్లో చూశా. నెట్‌లో ఆ వాక్యం ఎక్కిన రెండేళ్ళకి అచ్చయింది. పుస్తకం రాసినాయన నెట్ చూసి రాశారు. తర్వాత ఎవరో ఆ పుస్తకాన్నే నెట్‌లో ఆధారంగా చూపించారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నించున్నారంతే. కింద నేల లేదు."

"చూసే రాశారని ఎలా చెప్తావు?"

"రెండిట్లోనూ మంగళవారం అని ఉంది. లాంచీ మునిగింది గురువారం. ఇదిగో, మర్నాటి పేపరు. తప్పుతో సహా ఎక్కించుకున్నారు."

"అసలు ఆ మొదటి వాక్యం రాసిన వెధవ ఎవడో..."

"నేనే."

"ఏంటీ?"

"ఉద్యోగంలో చేరిన కొత్తలో. మీ ఇంట్లో అన్నం తింటూ అడిగా, ఆ లాంచీ ఎలా మునిగిందని. మంగళవారం, సరంగు తాగి ఉన్నాడు అన్నావు. మావయ్య చెప్పాడు కదాని ఒక్క పేపరు తిరగెయ్యలేదు. వీపు వెనక ఇన్ని బీరువాలు పెట్టుకుని."

"ఏదో... మాటవరసకి అని ఉంటా."

"మొన్న ఆ సరంగు కూతురు వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ. వాళ్ళ పిల్ల బళ్ళో ఆ పేజీ పైకి చదివిందట. సగంలో, అది వాళ్ళ తాత సంగతని అర్థమై ఆగిపోయిందట."

"ఆవిడ నిన్ను తిట్టిందా?"

"తిడితే బాగుండేది. ఎక్కడ రాసి ఉందో చూపించమ్మా అంది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు."

"సరే, తప్పే. నాకు రిటైర్మెంటు నాలుగు నెలలుంది. అప్పటిదాకా ఆగు. తర్వాత నీ ఇష్టం."

"ఆగను. నేను తీసినా నిలవదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ లైబ్రేరియన్లు నా ఆధారాలు చూసి సరేనన్నారు. శనివారం శనివారం ఒకరి పేజీలు ఒకరం సరిచూసుకుంటాం. ఏం చూసి కొట్టేశావని అడిగితే ఏం చెప్పను? టీ అని చెప్పనా?"

"నీకు భయం లేదే?"

"ఉంది. అందుకే ఒకటి చాలదని మూడు ఆధారాలు పెట్టా. రెండు పేపర్లు, ఒక విచారణ రిపోర్టు."

"రిపోర్టా? అది... అది ఇంకా ఉందా?"

"పై అరలో, వెనక వరసలో. నూట పదిహేనో పేజీ. లాంచీలో టికెట్లు కొట్టిన గుమాస్తా వాంగ్మూలం. సరంగు చుక్క ముట్టలేదు, ఇంతమందితో లాంచీ తియ్యనన్నాడు అని చెప్పాడు. కింద గుమాస్తా పేరు కూడా ఉంది."

"చదివేశావా."

"విచారణలో వాళ్ళకి గురువారం అని చెప్పావు. నాకు మంగళవారం అన్నావు. ఎందుకు మావయ్యా?"

"ఆ రిపోర్టు వచ్చిన నెలకి అధ్యక్షులవారి నాన్నగారు పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చి, ఇక ఆ సంగతి ఎక్కడా ఎత్తకు అన్నారు. ఎత్తలేదు. ఎత్తకపోతే పోయే, నువ్వు అడిగితే అబద్ధం కూడా చెప్పా."

"నిన్ను దెప్పడానికి అనట్లేదు. నీ మాటే తెచ్చి నలుగురికీ కనపడేట్టు పెట్టా, అంతే. తీయమని మాత్రం అడక్కు."

"అంతా చదివావా?"

"లేదు. నూట పదహారు, నూట పదిహేడు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎప్పుడో వానకి తడిసుంటాయి. లాగితే చిరుగుతాయని వదిలేశా."

"తడవలేదమ్మడూ. ఆఫీసులో చేరిన వారానికి నేనే వచ్చి అంటించా. ఉత్త మైదా జిగురు, ఆవిరి పడితే ఊడొస్తాయి. తొంభై మందిని ఎక్కించమన్నది ఎవరో అందులో పేరుతో సహా చెప్పాను. ఆ పేజీ నంబర్లు కూడా వెయ్యి."