విగ్గు తీసే ఘట్టం

ఏమిటి అమ్మడూ, మగాళ్ళు ఆడవేషాలు వేసిన పోటీకి ఊరంతా వచ్చి ఈలలు వేసిందా? వేస్తుంది, వేయక. వేషానికి ఈలలు వేయడం మనవాళ్ళకేం కొత్త? ఆ కుర్చీ ఇటు లాక్కో, మా అక్క సంగతి చెబుతాను. అక్కంటే, అందరూ అబ్బాయి పుట్టాడనుకున్నారులే. నాకంటే పెద్దది. పోయి చాలా ఏళ్ళయింది, నువ్వప్పటికి పుట్టనే లేదు.

నాటకాల కంపెనీలో అక్కది నాయిక వేషం, నాది తెర తాడు లాగే ఉద్యోగం. ఆ రోజుల్లో ఆడది స్టేజీ ఎక్కితే పరువు తక్కువ, మగాడు ఆడదై ఎక్కితే మాత్రం కళ. అక్క అలా నడిచొస్తే చాలు, ముందు వరుసలో బ్యాంకు మేనేజరు కళ్ళజోడు తుడుచుకునేవాడు. తుడిచిందే తుడిచేవాడు. భార్య పక్కన ఉండదు కదా, ఆడవాళ్ళ వరుసలు గోడవారగా వేరే ఉండేవి. ఏం చెబుతున్నాను... ఆఁ, మా కంపెనీలో ఒక పద్ధతుంది. నాటకం అయిపోయాక నాయిక ముందుకొచ్చి, విగ్గు తీసి చేత్తో పట్టుకుని, పొట్టి క్రాపుతో దణ్ణం పెట్టాలి. అప్పుడు పడ్డన్ని చప్పట్లు నాయిక చచ్చిపోయే సీనుకి కూడా పడేవి కావు. ఎందుకంటావు? అంతసేపూ గుటకలు మింగిన పెద్దమనుషులకి అప్పుడు ప్రాణం కుదుటపడేది. హమ్మయ్య, మగాడే, మనదేం తప్పు లేదు, ఇంటికెళ్ళి భోంచేయొచ్చు అని.

అక్కకి ఆ ఘట్టమంటేనే ఒళ్ళుమంట. "వేషం వేసేటప్పుడు నాకేం సిగ్గు లేదురా తమ్ముడూ, తీసేటప్పుడే" అనేది. విగ్గు కింద గుట్టుగా జుట్టు పెంచుతూ వచ్చింది. పగలు బయటికెళితే టోపీ. ఒక ఆదివారం ఆటకి విగ్గు ఇంట్లో వదిలేసి సొంత జడతోనే ఆడేసింది. ఒక్కడంటే ఒక్కడు కనిపెట్టలేదు, కళాహృదయాలు కదా మరి. చివర్లో వచ్చి నిలబడింది. జనం చేతులు రెడీగా పెట్టుకుని చూస్తున్నారు. అక్క జడ ముందుకేసుకుని, "ఇది నా జుట్టేనండీ. రేపట్నుంచి బజార్లో కూడా ఇలాగే కనిపిస్తాను" అంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనుంచి ఓనరు "తెర దించరా, దించు" అని పళ్ళు కొరుకుతున్నాడు. నేను తాడు పట్టుకుని, ముడి పడిందండీ అన్నాను. ముడీ లేదు, గిడీ లేదు. చూడనీ అని.

మర్నాడు ఓనరు మా ఇంటికొచ్చాడు. "నిన్ను పొమ్మంటున్నానా నాయనా? ఆ జుట్టు కత్తిరించేద్దాం. దాంతోనే విగ్గు కట్టిస్తాను. నీ జుట్టే, నీ నెత్తినే, మధ్యలో కాస్త జిగురు. చివర్లో తీసి చూపించావంటే ఊరికీ శాంతి, నాకూ శాంతి." అక్క ఆయన బట్టతలకేసి తీరిగ్గా చూసి, "జుట్టిస్తానండీ, మీరే పెట్టుకోండి. మీకైతే నిజంగానే వేషమవుతుంది" అంది.

ఉద్యోగం పోయింది, ఇంకేముంది. టైలరు దగ్గర గుండీలు కుట్టే పనిలో చేరింది. మేనేజరుగారు అక్క ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. కంపెనీలో నాయికగా ఒక వడ్రంగిని పెట్టారు. వయ్యారంగా నడవమంటే బల్ల మోస్తున్నట్టు నడిచేవాడు. విగ్గు తీస్తే మాత్రం హాలు దద్దరిల్లేది.

ఒకరోజు ఆ నాటకానికే అక్క టికెట్టు కొనుక్కుని ఆడవాళ్ళ గుమ్మం దగ్గరికొచ్చింది. గేటువాడు "మగాళ్ళకి అటు" అన్నాడు. "తెలుసు" అని లోపలికి నడిచింది. ఏ వరుస దగ్గరికెళితే ఆ వరుసలో ఖాళీ కుర్చీల మీద సంచులు వచ్చి పడుతున్నాయి. మగాళ్ళంతా మెడలు తిప్పి ఆ ఆట చూస్తున్నారు. అది ఫ్రీ కదా. అప్పుడు ఆ మేనేజరు భార్య, ఊళ్ళో అందరినీ దులిపేసే నోరు ఆవిడది, ఏమంటుందోనని నేను తెర సందులోంచి చూస్తున్నాను. ఆవిడ పక్క కుర్చీలో సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు నిలబడితే వెనకవాళ్ళకి ఏం కనపడుతుంది, కూర్చో వదినా" అంది. అక్క కూర్చుంది. బెల్లు కొట్టేశారు, ఓనరు తెర ఎత్తమని అరుస్తున్నాడు, నేనేమో తాడు పట్టుకుని అక్కనే చూస్తూ...

ఊఁ. ఆ కిటికీ వేసేయమ్మా, కళ్ళల్లో దుమ్ము పడుతోంది.