శంకరం ఎప్పుడు చచ్చిపోయాడు?

"మరి మైలలో గడ్డం గీసుకున్నావేమిటయ్యా?"

"గడ్డమా సార్?"

"గడ్డమే. మీ బామ్మగారు పోయారని శుక్రవారం సెలవు పెట్టావు. ఇవాళ బుధవారం. చెంపలు నున్నగా మెరిసిపోతున్నాయి."

"అదీ... అమ్మ తరపు బామ్మ సార్. మాకు మూడు రోజులే మైల."

"అమ్మ తరపైతే అమ్మమ్మ అవుతుంది గానీ బామ్మెలా అయిందోయ్?"

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగు, పందొమ్మిది వందల తొంభై తొమ్మిది వేసవి. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టులో ఇద్దరే ఉన్నారు: మేనేజరు రామ్మోహనరావు, ఆయన కింద ప్రొబేషన్లో ఉన్న రోహిత్. రోహిత్ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద రావుగారు సంతకం పెట్టాల్సింది ఈ మధ్యాహ్నమే, పెట్టకపోతే కుర్రాడు ఇంటికే. సరిగ్గా ఇలాంటి రోజు చూసుకుని దేవుడు ఇద్దర్నీ ఒకే డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"హలో! హలో! లిఫ్ట్ల ఎవరున్నరు? గా ఎర్ర బటన్ ఒత్తి చెప్పుర్రి!"

"నేనేనయ్యా, రామ్మోహనరావుని. ఎవరూ, సెక్యూరిటీ ఎల్లయ్యేనా?"

"ఔ సార్. ఫికర్ చెయ్యకుర్రి. కరెంటు పోయింది, జనరేటర్ల డీజిల్ పోస్తున్నరు. ఏమన్న అవసరముంటె మళ్ల గా బటనే ఒత్తి మాట్లాడుర్రి, ఈడ గేటు కాడ స్పీకర్ల ఇనొస్తది."

"ఇదేమిటోయ్ రోహిత్, నొక్కిన బటన్ పైకి రావడం లేదు?"

"కొత్తది కదండీ, బిగుసుకుందేమో. వదిలెయ్యండి సార్."

"అబ్బ, ఏం ఉక్క! పైగా ఆకలి. క్యారియరు ఇంట్లోనే మర్చిపోయొచ్చాను."

"పుణ్యవతిగారి కంటి ఆపరేషన్ హడావుడిలో మర్చిపోయుంటారు సార్."

"ఆఁ, అదే అదే. శుక్రవారమేగా మా ఆవిడకి ఆపరేషనయింది. ఒరే అబ్బాయ్, నాకిలా మూసేసిన చోట ఊపిరాడదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడమంటారు సార్?"

"చావుల గొడవ వద్దు. సినిమా సంగతి చెప్పు. 'మళ్ళీ శంకరం' చూశావా?"

"అబ్బే, లేద్సార్! ఇంట్లో ఇలా అయి..."

"నేను చూశాను. మొన్న ఆదివారం. పన్నెండేళ్ళు ఊరించి ఊరించి రెండో భాగం తీశాడుగా. 'శూన్యంలో శంకరం' కంటే ఇదే నయమయ్యా."

"నయమా సార్?"

"కాదూ? ఆ మొదటిదాన్లో ఏముంది? అట్టపెట్టెలకి వెండి రంగు పూసి అంతరిక్ష నౌక అన్నాడు. రేడియోలు బాగుచేసుకునే శంకరాన్ని అందులో కూర్చోబెట్టి తలుపేశాడు. అది మళ్ళీ తెరుచుకోదు, వాడు ఆకాశంలో ఒక్కడే ఉండిపోతాడు, శుభం. డబ్బులిచ్చి ఏడవడమా? ఇందులో చూడు, కంప్యూటర్ బొమ్మలు, చంద్రుడి మీద డ్యూయెట్టు!"

"అట్టపెట్టెలే సార్, కాదనను. కానీ ఆ తలుపు పడ్డ చప్పుడుకి హాలంతా నిశ్శబ్దమైపోయింది. శంకరం రేడియో తిప్పుతూ 'ఎవరైనా ఉన్నారా' అంటాడు చూడండి, ఆ గొంతు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను తీసుకెళ్ళింది బామ్మే. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాణ్ణెవరైనా కిందికి దింపుతార్రా అని ఇప్పటికీ అడుగుతూనే..."

"ఇప్పటికీనా?"

"అంటే... పోయేదాకా సార్."

"పాపం. సరే గానీ, రెండోదాన్లో నాకొక్కటి అర్థం కాలేదయ్యా. శంకరం నౌకతో సహా పేలిపోతాడు. పెళ్ళాం గుండెలు బాదుకుని ఏడుస్తుంది. ఆ వెంటనే వాడు చంద్రుడి మీద ఎగురుతూ పాట పాడతాడు! చచ్చినవాడు లేచిందెప్పుడు? అప్పట్నించీ అదే పీకులాట నాకు."

"అయ్యో, అలా కాద్సార్! పాట ముందు, చావు తర్వాత. అసలు చెడగొట్టింది అక్కడ కాదు, మొదట్లోనే. పన్నెండేళ్ళు తెరుచుకోని తలుపుని ఒక్క తన్ను తన్ని బయటికొచ్చేస్తాడు. ఒక్క తన్ను సార్! తన్నితే వచ్చేసే తలుపైతే మేమంతా ఇన్నేళ్ళు ఎందుకేడ్చినట్టు?"

"రోహిత్."

"సార్."

"చూడలేదన్నావు."

"ఫ్రెండ్సు... ఫ్రెండ్సు చెప్పారు సార్."

"తన్ను కూడా చెప్పారా? మీ బామ్మ ఎక్కడుంది?"

"తెనాల్లో సార్."

"ఏం చేస్తోంది?"

"ఈపాటికి భోంచేసి నడుం వాల్చి ఉంటుంది సార్."

"ఛీ! సినిమా కోసం నిక్షేపంలాంటి మనిషిని చంపుతావా?"

"ఏం చెయ్యను సార్? రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లు సరిచేసే ప్రాజెక్టు అయ్యేదాకా, ఇంట్లో చావుకో ఆపరేషన్‌కో తప్ప ఎవరికీ సెలవు లేదని నోటీసు అంటించింది మీరేగా. ఆవిడకి ఫోన్ చేసి అడిగే చంపాను సార్. 'చంపుకో నాయనా, వాడు దిగాడో లేదో మాత్రం చూసొచ్చి చెప్పు' అంది."

"చాలు. సంతకం సంగతి ఇక మర్చిపో."

"అంత మాటనకండి సార్! ఈ ఉద్యోగం పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? తప్పైపోయింది సార్. కావాలంటే రోజూ రాత్రిదాకా... సార్, ఒక్క నిమిషం. మీరు చూసినప్పుడు చావు ముందొచ్చిందా, పాట ముందొచ్చిందా?"

"చావే. చెప్పానుగా."

"ఆదివారమేనా సార్?"

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"శుక్రవారం నేను చూసినప్పుడూ చావే ముందొచ్చింది. ఆదివారం మళ్ళీ చూశాను సార్. అప్పుడు వరస సరిగ్గానే ఉంది. అనుమానమొచ్చి ప్రొజెక్టరు ఆపరేటర్నే అడిగాను. కూకట్‌పల్లిలో రెండు హాళ్ళకి ఒకటే ప్రింటట. ఒక హాల్లో అయిన రీళ్ళు స్కూటరు మీద రెండోదానికొస్తాయి. శుక్రవారం మార్నింగ్ షోకి ఒక సంచిలో రెండు రీళ్ళొస్తే, ఆయన తొందరలో వెనకది ముందెక్కించేశాడు. ఆ ఒక్క హాల్లో, ఆ ఒక్క ఆటలోనే సార్, శంకరం చచ్చిపోయి పాట పాడింది."

"లోపల గాలి తగ్గినట్టుందయ్యా."

"శుక్రవారం పొద్దున పుణ్యవతిగారికి ఆపరేషన్ కదండీ?"

"మెల్లగా మాట్లాడు."

"ఇక్కడెవరున్నారు సార్?"

"అవునయ్యా, వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళాను. చీకటితో వస్తాను, చీకటితో ఇంటికెళ్తాను, ఈ అద్దాల్లోంచి ఎండ చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. ఆ నోటీసు నేనే అంటించాను, మరి నన్నెవరు పంపుతారు? అందుకే మా ఆవిడ కన్ను అడ్డం పెట్టుకున్నాను."

"మరి మొదటిది మీకూ..."

"నేనూ ఏడ్చాను, పెళ్ళైన కొత్తల్లో. అందుకే రెండోది నయమన్నాను. తన్నితేనేం, తాళంతో తీస్తేనేం, వాడు బయటపడ్డాడు. నాకది చాలు."

"సార్..."

"సంతకం పెడతాన్లే. మీ బామ్మ పోయింది, మా ఆవిడకి ఆపరేషనయింది. ఈ డబ్బా దాటి ఒక్క ముక్క బయటికి పోకూడదు."

"పోదు సార్, ఒట్టు!"

"హలో, సార్!"

"ఏమయ్యా ఎల్లయ్యా, కరెంటొచ్చిందా?"

"ఒచ్చింది సార్, ఇగ మిమ్మల్ని కిందికే దించుతరట. గని మీ బటన్ ఇరుక్కపోయినట్టుంది, మీ మాటలన్ని ఇందాకటిసంది ఈడ ఇనొస్తనే ఉన్నయి."

"అన్నీనా? అక్కడ ఎవరెవరున్నారు?"

"నేనున్న సార్. ఇంక పుణ్యవతమ్మగారు క్యారియర్ పట్టుకొని ఒచ్చిర్రు, నా కుర్సీల కూసున్నరు."

"రోహిత్, ఆ బటన్ పైకి లాగవయ్యా!"

"సార్? ఉన్నరా సార్? అమ్మగారు అడుగుతున్నరు, ఆపరేషన్ ఏ కన్నుకు అయిందని."