రెండుసార్లు కాచిన నీళ్ళు

హలో… ఆఁ, నేనే, డెల్లాని. చెప్పండి మార్జరీ గారూ.

…

నోలన్ ఇంట్లో లేడండీ. రేవులో ఓడకి ఇనుప ఖనిజం ఎక్కిస్తున్నారట, ఆరు దాటితేగాని రాడు… ఓ. నాతోనేనా మాట్లాడాల్సింది? … సరే, చెప్పండి.

…

టిల్లీ పైన ఉంది, తన గదిలో. బొమ్మలు వేసుకుంటోంది, ఎడమ చేత్తో… కుడిచేతికి ఇంకా కట్టు ఉంది కదండీ. … నిన్ననే మార్చారు. బొబ్బలు చితకలేదు, అదే మంచిదన్నారు. మెడ మీద ఎరుపు తగ్గింది. … మచ్చ పడదనే అన్నారు. అంటే, 'బహుశా పడదు' అన్నారు.

…

లేదండీ, వెన్న రాయలేదు. … మీ రోజుల్లో రాసేవారేమో, ఇప్పుడు రాయకూడదంటున్నారు. ఐస్ కూడా పెట్టకూడదట. పంపు కింద పెట్టాను చెయ్యి, ఇరవై నిమిషాలు, చల్లనీళ్ళు వదిలి. ఆస్పత్రిలో నర్సు ఆ ఒక్క పనికే మెచ్చుకుంది నన్ను… మీరూ మెచ్చుకుంటారేమోనని చెప్పాను లెండి.

…

శనివారమా? ఎల్లుండి శనివారం? … రండి, దానికేం. చూసిపోదురుగాని. … చూడటానికి కాదా?

… … …

వేసవంతా మీ దగ్గరా?

…

మీరు తీసుకెళ్తానంటే సరిపోతుందా? నోలన్ ఒప్పుకోవద్దూ— … ఒప్పుకున్నాడా? ఎప్పుడు? … ఆదివారం. ఇవాళ గురువారం, మార్జరీ గారూ. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని కాఫీ తాగాడు. పొద్దున నా నుదుటి మీద ముద్దు కూడా పెట్టి వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు.

…

నాకు కోపమేం లేదు. … లేదన్నాను కదా. పెళ్ళై పదకొండు వారాలు. కోపం ఎలా తెచ్చుకోవాలో కూడా ఇంకా తెలియదు నాకు, ఇప్పుడే నేర్చుకుంటున్నాను.

…

ఏమిటీ? మళ్ళీ అనండి. … నేను పని చేయించానా? తొమ్మిదేళ్ళ పిల్లతో టీ పెట్టించుకున్నానా? ఎవరు చెప్పారు మీకు? … ఎవరూ చెప్పలేదు. మీరే అనుకున్నారు.

అడగలేదు. … నిజంగా అడగలేదండీ! నాకు జలుబు చేసి సోఫాలో పడుకున్నాను. టిల్లీ బడి నుంచి వచ్చింది. బూట్లు విప్పింది. నా ముక్కు చూసి, 'నీ మొహం టొమాటోలా ఉంది డెల్లా' అంది. అని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

…

డెల్లా అనే పిలుస్తుంది. ఇంకేమని పిలవాలి? … అమ్మా అని పిలవమని నేను ఏ రోజూ అనలేదు. మీ అమ్మాయి చోటు నాకు అక్కర్లేదు. క్లేర్ ఫొటో హాల్లో ఎక్కడ ఉందో అక్కడే ఉంది, దుమ్ము కూడా నేనే తుడుస్తున్నాను.

…

అయ్యో, ఆ మైక్రోవేవ్ ఓవెన్‌ని ఏమీ అనకండి. … అవును, పెళ్ళికి వచ్చిందే. మా మేనత్త ఇచ్చింది. నవ్వుతారేమోగాని, వచ్చిన వాటన్నిట్లోకి నాకు అదే ఇష్టం. పనైపోగానే చిన్న పాట పాడుతుంది. నేనూ టిల్లీ దాని ముందు నిలబడి లోపల పళ్ళెం తిరుగుతుంటే చూసేవాళ్ళం, పాట రాగానే గంతులేసేవాళ్ళం. మొదటి నెలంతా ఆ పిల్ల నాతో నవ్విందంటే ఆ వంటింట్లోనే, ఆ డబ్బా ముందే.

…

నేర్పకుండా ఎందుకు వదిలేస్తాను? అన్నీ నేర్పాను. బంగాళాదుంపని ఫోర్కుతో పొడవకుండా పెడితే పేలుతుందని చెప్పాను. రేకు చుట్టినవి వద్దన్నాను. అంచుకి బంగారు గీత ఉన్న పళ్ళాలు పెడితే నిప్పురవ్వలు వస్తాయని— … అవును, క్లేర్ పళ్ళాలే. పారెయ్యలేదండీ, పై అరలో పెట్టాను. గుడ్డ చుట్టి. … సూప్ అయితే మధ్యలో ఆపి కలిపేది, బయటికి తీశాక నోట్లో పెట్టుకోకుండా నిమిషం ఆగేది. మూత తీసేటప్పుడు ఆవిరి మొహానికి కొట్టకుండా అటువైపు నుంచి ఎత్తేది. నా కంటే బాగా చేసేది.

నీళ్ళ గురించి చెప్పలేదు. నీళ్ళకి ఏం చెబుతాం? నీళ్ళే కదా.

…

మీ ఇంట్లో కెటిల్ ఉందా? … చూశారా. మా అమ్మ దగ్గరా లేదు. కప్పులో పంపునీళ్ళు పట్టి మైక్రోవేవ్‌లో పెట్టని ఇల్లు చూపించండి నాకు, మా డులూత్‌లోగాని, మీ ఫార్గోలోగాని. ఎవరికి తెలుసు? నాకూ ఆస్పత్రిలో నర్సు చెబితేనే తెలిసింది. కప్పు కొత్తదై నున్నగా ఉంటే, నీళ్ళు మరగాల్సిన వేడి దాటిపోయినా ఒక్క బుడగ రాదట. కదలకుండా ఉంటాయట. చూస్తే ఇంకా కాగలేదేమో అనిపిస్తుంది. అందులో టీ బ్యాగు వేయగానే… మొత్తం ఒక్కసారి పైకి లేస్తుంది. … అవును, పేలినట్టే. కప్పులో సగం నీళ్ళు కూడా మిగల్లేదు.

…

ఒక పుల్ల వేసి పెట్టాలట. చెక్కది, ఐస్‌ఫ్రూట్ పుల్లలాంటిది. దాన్ని పట్టుకుని బుడగలు వస్తాయి. ఆపాక కాసేపు తలుపు తియ్యకుండా ఉండాలి. … కొన్నాను, వంద పుల్లలు. ఇప్పుడు. ఇప్పుడు కొన్నాను.

…

అప్పుడు నేనేం చేస్తున్నానా? చెప్పాను కదా, పడుకున్నాను. … నిద్రపోలేదు.

… …

పడుకునే అంతా వింటూ ఉన్నాను. ఇది నోలన్‌కి కూడా చెప్పలేదు. అల్మరా తీసిన చప్పుడు, పంపు, కప్పు లోపల పెట్టిన చప్పుడు… నాకు టీ పెడుతోంది. అడక్కుండా, నాకు! దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని నవ్వాను, మార్జరీ గారూ. అంత సంతోషం. నేను లేచి వెళ్తే సిగ్గుపడి మానేస్తుందేమోనని కదలకుండా పడుకున్నాను. పాట వచ్చింది. తలుపు తీసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నొక్కింది. ఎంత శ్రద్ధగా పెడుతోందో అనుకున్నాను. మళ్ళీ పాట వచ్చింది. ఆ తర్వాత అరుపు.

లేవాల్సింది. తప్పు నాదే. … ఒప్పుకుంటున్నాను కదా, ఇంకా ఏం కావాలి మీకు? వేసవంతా తీసుకెళ్ళిపోవాలా? తీసుకెళ్తే మళ్ళీ మొదటికి వస్తుంది అంతా. సెప్టెంబరులో వచ్చి నన్ను 'హాయ్' అని పలకరిస్తుంది, పక్కింటావిడని పలకరించినట్టు. దయచేసి వద్దు. ఒక నెల తీసుకెళ్ళండి. రెండు వారాలు…

…

మీ ఇంట్లో ఏమీ కాలేదా. … సరే. … ఊఁ, మార్చి సెలవుల్లో. … రోజూ మధ్యాహ్నం తనే పెట్టేదా మీకు టీ? … ఊఁ. … ఒక్క బొట్టు ఒలకలేదా. …

ఆగండి. ఏమన్నారు? … రెండుసార్లా?

…

రంగు దిగాలంటే రెండోసారి కాచాలనా. … మీరు నేర్పారా?

… … …

ఏమీ అనడం లేదు నేను. … లేదు, ఏమీ లేదు. చెప్పండి మీరు, వింటున్నాను.

…

నాకు పెంపకం చేతకాదు, సరే. … ఇరవై ఆరేళ్ళే, సరే. … క్లేర్ ఉంటే ఇలా జరిగేది కాదు. … సరే. …

సరే, అయితే వినండి. ఇంత దూరం వచ్చాం కాబట్టి వినండి. ఒకసారి కాగి, కదలకుండా ఉన్న నీళ్ళని తీసి మళ్ళీ కాచడం — అన్నిటికంటే ప్రమాదం అదేనని చెప్పింది నర్సు. 'రెండుసార్లు పెట్టమని ఎవరు చెప్పారమ్మా' అని అడిగింది టిల్లీని. టిల్లీ నేల చూసింది. మళ్ళీ అడిగింది. 'గుర్తులేదు' అంది. అప్పుడు ఆ నర్సు ఎవరి వైపు చూసిందో తెలుసా? నా వైపు. నేనే చెప్పానేమో, చెప్పి మర్చిపోయానేమోనని ఆరు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను. పిల్లకి గుర్తుంది, మార్జరీ గారూ. మీ పేరు బయటికి రాకూడదని నోరు కట్టుకుని కూర్చుంది. అంత నొప్పిలో.

…

నన్ను మాట్లాడనివ్వండి! మీ ఓవెన్ నేను చూశాను, ముప్పై ఏళ్ళది, దానికి నీళ్ళు మరిగించేంత సత్తువ లేదు. మీ కప్పులు పెచ్చులూడిపోయినవి. అందుకే అక్కడ ఏమీ కాలేదు. మీ పెంపకం వల్ల కాదు. మీ పాత సామాను వల్ల. అదే టీ ఇక్కడ పెట్టింది, మీరు చెప్పినట్టే, అక్షరం తప్పకుండా. ఆ చెయ్యి కాల్చింది మీరు. నేను కాదు. మీరు!

… … … …

మార్జరీ గారూ?

…

ఉన్నారా?

…

ఏడవకండి. … అయ్యో, అంత మాట అనాల్సింది కాదు. మీకు మాత్రం ఏం తెలుసు, ఎవరికి తెలుసు… … లేదు లేదు, మీకు చేతకాకపోవడం ఏమిటి. క్లేర్‌ని పెంచారు కదా. … నీళ్ళు తాగండి. … ఊఁ. … ఊఁ.

…

నిజంగానా?

శనివారం రారా? … వేసవంతా ఇక్కడేనా? నాతోనేనా? … నోలన్‌కి మీరే చెబుతారా? … మార్జరీ గారూ… నేను చూసుకుంటాను. కట్టు విప్పగానే సరస్సు ఒడ్డుకి తీసుకెళ్తాను, గులకరాళ్ళు ఏరడమంటే పిచ్చి కదా తనకి. ప్రతి ఆదివారం మీతో మాట్లాడిస్తాను. మీరే రండి, ఇక్కడే ఉండండి పది రోజులు, కింద గది ఖాళీగానే— ఒక్క నిమిషం.

టిల్లీ?

ఎప్పుడొచ్చావమ్మా కిందికి? … మీ అమ్మమ్మే. … లేదు, తిట్టడం కాదు, మేము ఊరికే… … ఎక్కడి నుంచి విన్నావు? … టిల్లీ, ఇటు చూడు. ఆగమ్మా. మెట్లు మెల్లగా ఎక్కు, చెయ్యి గోడకి తగులుతుంది—

…

ఉన్నానండీ. … విన్నది. 'కాల్చింది మీరు' అన్నది విన్నది. మెట్ల మీద కూర్చుని ఉందట. … 'నేను ఎవరికీ చెప్పలేదు, నువ్వు అమ్మమ్మకే చెప్పేశావు' అంది. అంతే. … ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

…

ఏదో చప్పుడు. … సొరుగులు లాగుతోంది. … వెళ్తున్నాను, మీరు ఫోన్ పెట్టెయ్యకండి.

టిల్లీ, తలుపు తీయమ్మా. … అమ్మమ్మ నిన్ను ఇక్కడే ఉండమంటోంది. వేసవంతా ఇక్కడే. వినబడిందా? మంచి మాటే కదా?

…

తియ్యడం లేదండీ. కుర్చీ అడ్డం పెట్టింది. … సందులోంచి కనబడుతోంది. పెట్టె మంచం మీద పెట్టుకుంది. బట్టలు మడతపెట్టకుండా కుక్కుతోంది. … ఒక్క చేత్తో జిప్పు లాగుతోంది, రావడం లేదు. పెట్టె మీద మోకాలు వేసి లాగుతోంది.

నేను వేస్తాను జిప్పు, టిల్లీ. ఇంకేం మాట్లాడను. జిప్పు వేసి వెళ్ళిపోతాను.

… …

వద్దట.

…

శనివారం రండి, మార్జరీ గారూ. … తెలుసు, మీరు రానన్నారు. నేనే రమ్మంటున్నాను. … అది నా మాట వినదిప్పుడు. మీరు చెప్పినా వినదు. తను మీ దగ్గరికి రావాలి, వచ్చి మీరు బాగానే ఉన్నారో లేదో చూసుకోవాలి. అది నేను ఆపలేను. … రోజూ సాయంత్రం మందు రాసి కట్టు మార్చాలి. తడవనివ్వకండి. కట్టు ఎలా మార్చాలో రాసి పంపుతాను.

…

తలుపు కొంచెం తీసింది. చెయ్యి చాపుతోంది. … కట్టు లేని చెయ్యి. … నన్ను కాదండీ. ఫోన్ అడుగుతోంది.

…

ఇస్తున్నాను. … ఇదుగో టిల్లీ. మీ అమ్మమ్మ.