గ్రూప్ ఫొటో

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి. కూతుర్ని కాన్పుకు తెచ్చిన పెద్దాయన నర్సును ఆపాడు.

"సిస్టరమ్మా, పన్నెండు మంచాలకు నువ్వొక్కదానివేనా?"

"మిగిలినోళ్లంతా మీద హాల్‌ల మీటింగ్‌కు పోయిండ్రు అంకుల్."

"ఏం మీటింగ్?"

"కాన్పుకొచ్చినోళ్ల భద్రత గురించి."

"వాహ్! వాళ్లను గిట్ల ఇడిసిపెట్టి భద్రత నేర్చుకుంటుండ్రా? బహుత్ అచ్ఛా! మా వసుధకు నొప్పులెక్కువైనయ్, జెర చూడమ్మా."

"ఇంకిద్దరికి సుత గట్లనే ఉంది. నాకున్నయి రెండు చేతులే. ఫోన్ చేస్తే ఎవ్వరూ ఎత్తుతలేరు."

"ఆగు, నేను పిలుచుకొస్తా."

అయిదు నిమిషాలకు పెద్దాయన తిరిగొచ్చాడు. వెనకే మేడమెట్లు దడదడలాడాయి.

"డాక్టరమ్మతోటి నలుగురు సిస్టర్లు ఉరికొస్తుండ్రు! ఏం చెప్పిండ్రు అంకుల్?"

"గ్రూప్ ఫొటో కాన్పుల గదిల తీస్తరని చెప్పిన."

"మరి ఫొటోగ్రాఫర్?"

"మనుమడో మనుమరాలో పుట్టినంక పిలుస్తా లే. అందాక ఎవ్వర్నీ బయటికి పోనియ్యకు."